ఎడమవైపు అద్దం

భైంసా,
జూన్ 14

తమ్మీ జహీర్,

ఈ కవరు మల్లన్న చేతికి ఇస్తున్నాను. పొద్దున భైంసా నుంచి కరీంనగర్ పోయే బస్సు ఇప్పుడు అతనే నడుపుతున్నాడు. అక్కడి బస్టాండు ముందున్న సైకిల్ స్టాండులో ఇస్తే నీకు చేరుతుందట. మన సర్వీసంతా ఊళ్ళవాళ్ళ టిఫిన్ క్యారియర్లు, మందుల పొట్లాలు ఇలాగే మోశాం. ఇప్పుడు మన వంతు వచ్చింది. ఫోన్ చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. పోయినసారి నేను "తిన్నవా" అంటే నువ్వు "అయ్యో, ఎప్పుడు పోయిండు" అన్నావు.

ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను.

అసలు పని చెప్తాను, నవ్వకు. ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఒకాయన ఇంట్లో కుర్చీలో కూర్చుని, బల్లకు బిగించిన స్టీరింగ్ పట్టుకుని, కంప్యూటర్లో బస్సు నడుపుతున్నాడు. మన బస్సే తమ్మీ! అదే ఎరుపు, అదే గేర్ రాడ్డు. వాన పడుతోంది, వైపర్ తిరుగుతోంది. నా కాలు దానంతటదే క్లచ్ కోసం వెతుక్కుంది. నాలుగేళ్ళ నుంచి నేను స్కూటర్ కూడా ముట్టుకోలేదని నీకు తెలుసు.

మీ బిడ్డ నాజ్నీన్ కంప్యూటర్ల దుకాణంలో విడిభాగాలు బిగిస్తుంది కదా. ఇలాంటి ఆట ఆడాలంటే ఏమేం కావాలో అడిగి రాయి. స్క్రీనుతో కలిపి నలభై వేలు దాటొద్దు. స్టీరింగ్ పాతది నిజామాబాద్‌లో దొరికింది, తెచ్చుకున్నాను. మీ వదిన "అరవై రెండేండ్లకు ఆటలేందయ్యా, మన్మరాలు నవ్వుతది" అంటోంది. మనవరాలికి ఇంకా ఐదు నెలలే. అది అన్నిటికీ నవ్వుతుంది.

మీ అన్న,
ఓంప్రకాశ్


కరీంనగర్,
జూన్ 22

ఓంప్రకాశ్ అన్నా,

నవ్వాను. నువ్వు నవ్వొద్దన్నాక నవ్వకపోతే పన్నెండేళ్ళు నీ బస్సులో కండక్టరుగా చేసి ఏం లాభం? మెట్‌పల్లిలో మేక బస్సెక్కితే "దానికి హాఫ్ టికెట్ కొట్టు" అన్నవాడివి నువ్వు. ఇప్పుడు నీకు కంప్యూటర్లో బస్సు కావాలి. ఇస్తాం. టికెట్లు మాత్రం నేనే కొడతాను.

నాజ్నీన్‌ను కూర్చోబెట్టి అడిగాను. నా చెవి మిషను దగ్గర నోరు పెట్టి చెప్పింది. ప్రాసెసర్ మధ్య రకం చాలట, దాని మీద ఎక్కువ పోయొద్దంది. దానికి సరిపోయే మదర్‌బోర్డు. ర్యామ్ ఎనిమిదివి రెండు, ఒకటే పదహారు కాదు, రెండుంటేనే వేగమట. ఐదువందల జీబీ ఎస్ఎస్‌డి. పవర్ సప్లై దగ్గరికి వచ్చేసరికి వేలు చూపించి మరీ చెప్పింది: "అబ్బా, ఏడన్న తగ్గించు గని గీడ తగ్గించకు. పత్తి మిల్లులు నడిసే ఊరు అది. కరెంటు ఎక్కుతది, దిగుతది. సస్తా డబ్బా పెడితే మొత్తం కాలుతది."

ఇక గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మ గీసేది అదేనట. కొత్తది నీ నలభై వేలకు అందదు. ఎనిమిది జీబీది వాడిన కార్డు ఒకటి దుకాణానికి వచ్చింది. రెండు రోజులు బల్ల మీద నడిపించి, వేడెక్కడం లేదని చూశాకే ఇస్తానంది. "ఓంప్రకాశ్ పెద్దబాపుకు బొమ్మ ఎంత సాఫ్‌గ కావాల్నో అడుగు" అంటోంది. రాయి. వదినకు సలాం.

నీ తమ్ముడు,
జహీర్


భైంసా,
జూలై 5

తమ్మీ జహీర్,

బొమ్మ ఎంత సాఫ్‌గా కావాలో అడిగావు. ముందు అద్దం మసకగా ఉన్నా పర్వాలేదు. చెట్లు, ఇళ్ళు ఎట్లున్నా సరే. పక్క అద్దాలు మాత్రం నిజం బస్సు అద్దాల్లా కనిపించాలి. ముఖ్యంగా ఎడమవైపుది.

ఎందుకో నీకు చెప్పకపోతే ఎవరికి చెప్తాను? వడ్‌గాం సంగతి నీకు తెలిసిందే. అయినా రాస్తున్నాను. నాకు సరిగ్గా గుర్తుందో లేదో నన్ను నేను పరీక్షించుకోవాలి.

ఆగస్టు నెల, వాన. వడ్‌గాం చివరి ఊరు, బస్సు వెనక్కి తిప్పుకోవాలి. ఎప్పటిలాగే కండక్టరు దిగి ఎడమవైపు వెనక నిలబడాలి. నేను అద్దంలో చూస్తాను. వెనక నుంచి రెండు ఈలలు వినిపించాయి, రమ్మని. నేను రివర్స్ వేశాను. వాన తగలకుండా బస్సు వెనక, అద్దానికి అందని చాటున కూర్చుని పెసరకాయల మూట కట్టుకుంటున్న బాలలక్ష్మి కాలు మీదికి చక్రం పోయింది. మోకాలి కింద తీసేశారు. విచారణలో నువ్వు రాసిచ్చావు, ఆమెను చూడగానే చెయ్యెత్తి ఆగమన్నానని, డ్రైవరు అద్దంలో చూసుకోలేదని. ఉన్నది ఉన్నట్టు రాశావు, నాకు నీ మీద ఏమీ లేదు.

కానీ తమ్మీ, నేను అద్దంలో చూశాను. అందులో ఎవరూ లేరు. నాలుగేళ్ళుగా ఇదే. నువ్వు అక్కడ ఉన్నావు, నాకు కనిపించలేదు. మా పెద్దన్న గుర్తున్నాడా? అరవై దాటకముందే ఎదుటి మనిషిని చూసి చూడనట్టు పోయేవాడు. చివరికి ఇల్లు మర్చిపోయాడు. నాకూ ఆ రోజే మొదలైందేమో. ఇప్పుడు గ్యాస్ పొయ్యి నేను వెలిగించను. మనవరాలిని మీ వదిన పక్కనుంటేనే ఎత్తుకుంటాను.

ఆ ఆటలో మనకు కావాల్సిన చోట మనిషి బొమ్మను నిలబెట్టవచ్చట. వడ్‌గాం మలుపు తయారుచేసి, నువ్వు నిలబడ్డ చోట ఒక మనిషిని పెట్టి చూస్తాను. ఆ వంకరలో అద్దానికి అందని చోటైతే నాకు భయం తీరుతుంది. తప్పు నీదీ కాదు, నాదీ కాదు, అద్దానిది.

కాబట్టి చెప్పు. వెనక చక్రం నుంచి ఎన్ని అడుగుల దూరంలో నిలబడ్డావు?

ఓంప్రకాశ్


కరీంనగర్,
జూలై 21

అన్నా,

ఆలస్యమైంది. జ్వరం. ఇక్కడ అందరికీ వచ్చింది.

లిస్టు మార్చాల్సి వచ్చింది. ఆ వాడిన గ్రాఫిక్స్ కార్డు వద్దు. ఎవరెవరో వాటిని నెలల తరబడి ఆపకుండా నడిపించి, సత్తువ అయిపోయాక అమ్ముతారట. పెద్దపల్లిలో ఒకరింట్లో కంప్యూటర్ నుంచి పొగ వచ్చి పరదాలు అంటుకున్నాయని విన్నాను. మీ ఇంట్లో పసిపాప ఉంది. నాకు ధైర్యం చాలడం లేదు. బొమ్మ గీసే పని కూడా చేసుకునే ప్రాసెసర్ ఉంటుంది, అది పంపుతాం. కార్డు అక్కర్లేదు. ర్యామ్ కూడా ఎనిమిదిది ఒకటి చాలు, మిగిలిన డబ్బుతో వదినకు ఏమైనా కొను.

పక్క అద్దాల మీద అంత పట్టు ఎందుకు అన్నా? ఆటంటే ఆటలా ఆడుకో. ఘాట్ రోడ్డు ఎక్కు, దిగు. వడ్‌గాంకు ఎందుకు పోవడం? బాలలక్ష్మికి జైపూర్ కాలు పెట్టారని, కిరాణా కొట్టు నడుపుతోందని నువ్వే చెప్పావు. అయిపోయింది కదా.

నీ మతికి ఏమీ కాలేదు. ఇది మాత్రం నమ్ము.

జహీర్


భైంసా,
ఆగస్టు 3

తమ్మీ,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. అదే పొరపాటు. "గా డబ్బ ఇంట్ల వెట్టి ఇల్లు అంటిస్తవా ఏందయ్యా, నీ మతి పని చేస్తున్నదా?" అంది. మామూలుగానే అంది, ఎప్పుడూ అనే మాటే. నేను మాత్రం ఆ రోజంతా అన్నం తినలేకపోయాను.

సరే, కార్డు వద్దు. నువ్వు వద్దంటే వద్దు. కానీ అద్దం సంగతి వదలలేను. నువ్వు నా మతికి ఏమీ కాలేదని రాశావు. ఎట్లా చెప్పగలవు? నీకు కనిపించేది నా ఉత్తరమే కదా. ఉత్తరం నేను మూడుసార్లు దిద్ది రాస్తాను.

నీకు ఒక సంగతి చెప్తాను, ఎవరికీ చెప్పకు. తలుపు వెనక పలక వేలాడదీశాను. తాళం వేశానా, మాత్ర వేసుకున్నానా, నీళ్ళ మోటారు ఆపానా అన్నీ రాసుకుంటాను. మొన్న పలక మీద "మోటారు ఆపాను" అని ఉంది, నా చేతిరాతే. రాసినట్టు గుర్తు లేదు. ఇంట్లోంచి లేచి పోయి మోటారు చూశాను, ఆగి ఉంది. మళ్ళీ పోయి చూశాను. నాలుగోసారి పోతుంటే మా బిడ్డ ప్రణతి "బాపూ, ఏం దేవులాడుతున్నవ్" అని అడిగింది. దాని చేతిలో పాప ఉంది.

ఎన్ని అడుగులో నువ్వు రాయలేదు. మర్చిపోయి ఉంటావు. ఈసారి రాయి.

ఓంప్రకాశ్


కరీంనగర్,
ఆగస్టు 17

అన్నా,

డబ్బాలు మల్లన్న బస్సులో పంపుతున్నాను. నాజ్నీన్ ఇక్కడే అన్నీ బిగించింది, నువ్వు స్క్రీను వైరు, కరెంటు వైరు తగిలిస్తే చాలు. పవర్ సప్లై మాత్రం తను ముందు చెప్పిన మంచిదే పెట్టించాను. ఆ ఒక్కటీ తగ్గించలేదు, అల్లా సాక్షి.

ఆటలోకి పోయాక సెట్టింగుల్లో అద్దాలు ఆపేయి. అప్పుడు బస్సు బాగా నడుస్తుంది. అద్దం అంటే ఆ మిషనుకు పక్కనుంచి ఇంకో బొమ్మ గీయడమేనట, బరువు. ఆపేసి ఆడు.

ఐదు అడుగులు. వెనక చక్రం నుంచి ఐదు అడుగుల దూరంలో నిలబడ్డాను. ఇక అడగకు.

జహీర్


భైంసా,
సెప్టెంబర్ 9

తమ్మీ,

ఐదు అడుగులు రాసినందుకు చల్లగా ఉండు.

కంప్యూటర్ నడుస్తోంది. అద్దాలు ఆపితే బాగానే పోతోంది. నిర్మల్ ఘాట్ లాంటి రోడ్డు ఒకటి ఎక్కి దిగాను, చెమటలు పట్టాయి, సంతోషంగా కూడా ఉంది. అద్దాలు పెడితే మాత్రం బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. వడ్‌గాం మలుపు తయారుచేయడానికి ఇరవై రోజులు పట్టింది. వేపచెట్టు, బోరింగు, పంచాయతీ గోడ అన్నీ పెట్టాను. ఐదు అడుగుల దూరంలో ఖాకీ చొక్కా మనిషిని నిలబెట్టాను.

రివర్స్ వేసేసరికి అద్దం నల్లబడింది. బొమ్మ బిగుసుకుపోయింది. ఒక్క క్షణమే. మళ్ళీ వచ్చేసరికి బస్సు ఆ మనిషి మీదుగా పోయింది. నేను అరిచానట. మీ వదిన పరుగెత్తుకొచ్చింది. నా చేతులు స్టీరింగ్ మీద నుంచి తీయడానికి రాలేదు, తనే వేళ్ళు విడదీసింది.

నా బుర్రలో ఆ రోజు జరిగింది కూడా ఇదేనేమో అనిపిస్తోంది. ఒక్క క్షణం నల్లబడడం. చిన్న మిషను కదా, ఎక్కువ బరువు పడితే ఆగిపోతుంది. నాదీ అంతేనేమో.

అద్దాలు సరిగ్గా కనిపించే దారి ఏమైనా ఉందా అని నాజ్నీన్‌ను అడుగు. ఈ ఒక్కసారి అడుగు.

ఓంప్రకాశ్


కరీంనగర్,
సెప్టెంబర్ 20

ఓంప్రకాశ్ పెద్దబాపుకు నమస్తే,

నేను నాజ్నీన్‌ను. మీ ఉత్తరం సైకిల్ స్టాండు నుంచి ఈసారి నేనే తెచ్చాను. కవరు చిరిగి ఉంది, చివరి పేజీలో నా పేరు చూసి ఆ పేజీ ఒక్కటి చదివాను. క్షమించండి.

మీకు మొదట నేను రాయించిన లిస్టులో గ్రాఫిక్స్ కార్డు ఉంది. అబ్బా తీసేయించారు. ఎందుకని అడిగితే మీ బడ్జెట్ తగ్గిందన్నారు. అద్దాలు కావాలని మీరు అడుగుతున్నట్టు నాకు చెప్పనే లేదు. తెలిసుంటే ఆ డబ్బా అలా పంపేదాన్ని కాదు. నా చేతి పని మీద నాకు మాట పడినట్టుంది.

అదే కార్డు, రెండో ర్యామ్ ఈ కవరుతో పంపుతున్నాను. కార్డును నెల రోజుల నుంచి దుకాణంలో మా బల్ల మీదే వాడుతున్నాం, భయం లేదు. పవర్ సప్లై పెద్దదే ఉంది కాబట్టి సరిపోతుంది. కరెంటు తీసేసి, పక్క రేకు విప్పి, పొడుగు గాడిలో టక్కుమనే దాకా నొక్కండి. పక్కనున్న నల్ల వైరు దానికి తగిలించండి. స్క్రీను వైరును మాత్రం పాత చోట కాకుండా కార్డుకే పెట్టాలి, అందరూ అక్కడే తప్పు చేస్తారు. డబ్బులు మెల్లగా ఇవ్వండి.

అబ్బా ఈ మధ్య సరిగ్గా పడుకోవడం లేదు. నమాజు నుంచి వచ్చి అట్లాగే కూర్చుంటున్నారు. మీరిద్దరూ ఏమైనా గొడవపడ్డారా?

నాజ్నీన్


భైంసా,
అక్టోబర్ 12

తమ్మీ జహీర్,

నాజ్నీన్‌కు నా దీవెనలు. స్క్రీను వైరు పాత చోటే పెట్టి, కార్డు పనిచేయడం లేదని అరగంట తిట్టుకున్నాను. అమ్మాయి రాసింది మళ్ళీ చదివితే తెలిసింది.

ఇప్పుడు అద్దాలు అద్దంలా ఉన్నాయి. వాన చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. వడ్‌గాం మలుపులో పదకొండుసార్లు రివర్స్ చేశాను. ఐదు అడుగుల దూరంలో నిలబడ్డ మనిషి తల నుంచి చెప్పుల దాకా కనిపిస్తున్నాడు. నాలుగు అడుగులకు జరిపాను, కనిపించాడు. ఎనిమిదికి జరిపాను, కనిపించాడు. బస్సును ఎంత వంకర తిప్పినా కనిపించాడు.

కాబట్టి అద్దం తప్పు కాదు. నువ్వు అక్కడ ఉన్నావు, చెయ్యెత్తావు, నేను నిన్ను సూటిగా చూశాను, నా బుర్ర నిన్ను చూడలేదు. తేలిపోయింది. మా పెద్దన్న దారిలోనే ఉన్నాను.

భయపడుతూ ఉండడం కంటే తెలుసుకోవడం మంచిదనుకున్నాను. మంచిది కాదు తమ్మీ. నిన్న ప్రణతి పాపను నా ఒళ్ళో పెట్టింది. వెనక్కి ఇచ్చేశాను. "ఏమైంది బాపూ" అంటే చేతులు నొప్పి అన్నాను. ఇక దాన్ని ఎత్తుకోను. వచ్చే సోమవారం హైదరాబాద్‌లో మతిమరుపు డాక్టరు దగ్గరికి పోతున్నాను. అక్కడ ఏం చెప్తే అది. ఇల్లు, బ్యాంకు కాగితాలు మీ వదిన పేరున మార్చడానికి ఒక వకీలును అడిగాను, నా సంతకం చెల్లే రోజుల్లోనే అయిపోవాలి.

నువ్వు నా మనసు నొప్పించకూడదని "నీ మతికి ఏమీ కాలేదు" అని రాశావు. కార్డు తీసేయించింది కూడా ఇది నాకు తెలియకూడదనే కదా. ఇప్పుడు అర్థమైంది. నీలాంటి తమ్ముడు ఎవరికుంటాడు?

మీ అన్న,
ఓంప్రకాశ్


కరీంనగర్,
అక్టోబర్ 14

అన్నా,

డాక్టరు దగ్గరికి పోకు. కాగితాల మీద సంతకం పెట్టకు. ముందు ఇది చదువు.

నేను దిగలేదు.

ఆ రోజు వడ్‌గాంలో నేను బస్సు దిగనే లేదు. వెనక సీట్లో కూర్చుని ఉన్నాను. బయట మోకాలి లోతు బురద. నాజ్నీన్ మొదటి జీతంతో కొనిచ్చిన కొత్త చెప్పులు ఆ రోజే వేసుకున్నాను. వెనక కిటికీలోంచి కొంచెం చూసి, ఎవరూ లేరనుకుని, కూర్చున్న చోటు నుంచే రెండు ఈలలు వేశాను. బాలలక్ష్మి కిటికీకి కింద ఉంది. అద్దంలో నీకు ఎవరూ కనిపించలేదంటే అక్కడ ఎవరూ లేరు కాబట్టి. నీ కళ్ళు బాగున్నాయి. నీ బుర్ర బాగుంది.

విచారణలో అడిగినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "నిలబడ్డాను" అని. దిగకుండా ఈల వేశానంటే ఉద్యోగం పోతుంది, సర్వీసు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఒకసారి కాగితం మీద పడ్డాక దానికి చెయ్యెత్తడం కూడా కలిపాను. నీకు రెండు ఇంక్రిమెంట్లు పోయాయి, నువ్వే ముందుగా రిటైరయ్యావు. డబ్బు పోయిందిలే, నెమ్మదిగా సర్దుకుంటుందిలే అనుకున్నాను. నువ్వు నీ బుర్రను అనుమానిస్తావని నాకు తట్టలేదు. ఒట్టు, తట్టలేదు. జూలైలో నీ ఉత్తరం చదివినప్పుడే తెలిసింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా కార్డు తీసేయించాను, ర్యామ్ తగ్గించాను, పొగ వచ్చిందని కథ అల్లాను. అద్దం పనిచేస్తే నా సంగతి బయటపడుతుందని భయపడ్డాను. అద్దం పనిచేసింది. అయినా నువ్వు నన్ను అనుమానించలేదు.

నాజ్నీన్‌కు చెప్పాను. చెవి మిషను తీసి బల్ల మీద పెట్టాను, తను ఏమన్నా వినే ధైర్యం లేక. మరుసటి రోజు మిషను నా చెవికి తనే పెట్టి అంది: "గా ఉత్తరం నువ్వు మల్లన్నకు ఇయ్యకు అబ్బా. సైకిల్ స్టాండు దాంక పోయి వాపస్ వస్తవు. నేనే ఇస్త." నిజమే, వచ్చేసేవాడిని.

పెన్షన్ ఆపినా, కేసు పెట్టినా, నువ్వు నా మొహం చూడకపోయినా సరే. పాపను మాత్రం ఎత్తుకో అన్నా.

జహీర్


భైంసా,
అక్టోబర్ 16

జహీర్,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. నాలుగుసార్లు చదివాను. తర్వాత వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించాను. టీ పెట్టాను, పొయ్యి ఆపాను. ఆపానా అని మళ్ళీ పోయి చూడలేదు. మీ వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏమైందయ్యా, ఏడుస్తున్నవేంది" అంది. నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియదు.

పలక తీసేశాను. పాప ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది. ఈ ఉత్తరం ఒక చేత్తో రాస్తున్నాను, అందుకే గీతలు వంకరగా ఉన్నాయి. మతి వల్ల కాదు.

మధ్యాహ్నానికి కోపం వచ్చింది. ఇంకా ఉంది. పోతుందో లేదో తెలియదు, పోతుందని నీకు మాటివ్వను. చెప్పుల కోసం! నాలుగేళ్ళు నేను పొయ్యి దగ్గరికి పోవడానికి భయపడ్డాను జహీర్. నా సొంత చేతులను చూసి భయపడ్డాను. నువ్వు అది చదివి, మడిచి, ఐదు అడుగులు అని రాసి పంపావు.

కానీ నా వంతు కూడా ఉంది, దాన్ని దాచను. అద్దంలో కండక్టరు కనిపించకపోతే బండి కదపకూడదు. నాకు కనిపించలేదు. నీ ఈల విని కదిపాను. పన్నెండేళ్ళుగా నీ ఈల తప్పు కాలేదు కాబట్టి నా కళ్ళకంటే దాన్ని ఎక్కువ నమ్మాను. ఇది విచారణలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. బాలలక్ష్మి కాలు మనిద్దరం తీశాం.

డాక్టరు దగ్గరికి పోవడం లేదు. సోమవారం వేరే పని ఉంది. నువ్వు ఆదివారం మల్లన్న బస్సులో వచ్చేయి. సోమవారం పొద్దున వడ్‌గాం బస్సుకు పోదాం. ఆమె ఇన్నాళ్ళూ డ్రైవరు ఒక్కడినే తిట్టుకుంటోంది. ఇద్దరం ఆమె కొట్టు ముందు నిలబడి చెప్దాం. ఆమె ఏమంటే అది పడదాం. తర్వాత డిపోలో రాసిద్దాం, నీది నువ్వు, నాది నేను. భయంగానే ఉంది. నీకూ ఉంటుంది. అయినా రా.

కంప్యూటర్లో ఆ ఖాకీ చొక్కా మనిషిని తీసేశాను. ఇప్పుడు వడ్‌గాం మలుపులో అద్దంలో వాన, వేపచెట్టు, పంచాయతీ గోడ, అంతే. ఆ రోజు నేను చూసింది సరిగ్గా అదే.

వడ్‌గాంలో బస్సు ఇప్పటికీ వెనక్కే తిప్పాలి. కొత్త కండక్టరు అమ్మాయికి చెప్పి నేను ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుంటాను. నువ్వు దిగు. బురద ఉన్నా దిగు. ఎడమవైపు, వెనక చక్రానికి ఐదు అడుగుల దూరంలో నిలబడు. నేను అద్దంలో చూస్తాను.

ఓంప్రకాశ్